ఇరవై ఏడో పడవ యజమాని

బొమ్మ పడవల సంఘంలో ఆయన్ని అందరూ రూళ్ళకర్ర అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు. ఒకసారి ఆయన పుట్టినరోజుకు తెప్పించిన కేకు మీద కూడా అదే రాయించారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, అక్షరాలు ఒక్క వరసలో పడ్డాయో లేదో కళ్ళజోడు సర్దుకుని చూసి మరీ కోశాడు. గీత వంకర పోకుండా చూసే వస్తువు పేరు తనకు పెట్టారంటే అంతకంటే గౌరవం ఏముంటుందని అప్పట్లో ఆయన లెక్క. ఇప్పుడు ఆ లెక్క తల్చుకుని ఆయనే నవ్వుకుంటాడు. రూళ్ళకర్ర తిన్నగానే ఉంటుంది గానీ గీత ఎక్కడ గీయాలో దానికేం తెలుసు అంటాడు. ఆ తిన్నగా పోయే బుద్ధి వల్ల ఆయన భార్యకు దక్కాల్సిన పందెం ఒకటి కొద్దిలో చేజారిపోయేది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అంతగా నవ్వడు.

ఆయన ఉద్యోగం మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాల ప్రూఫులు దిద్దడం. డబ్బా తెరవగానే జనం మొదట పారేసే కాగితం అదే. ఆ పారేసే కాగితాన్నే ఆయన భూతద్దం పెట్టి చూసేవాడు. ‘భోజనానికి ముందు’ అనాల్సిన చోట ‘తరవాత’ అని పడితే మనిషి ప్రాణం మీదికొస్తుందని కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెప్పేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా అలా చూసి చూసి, ఆయన కంటికి కాగితం మీద అక్షరాలూ కొలతలూ కనిపించేవి తప్ప అక్కడ రాసిన విషయం కనిపించడం మానేసింది. ఓసారి ఏదో మందు వేసుకుని ఒళ్ళంతా దద్దుర్లొచ్చి అల్లాడిపోయాడు. ఆ మందుకు దద్దుర్లు వస్తాయని రాసిన కాగితం దిద్దింది తనేనని భార్య గుర్తుచేసేదాకా ఆయనకు తోచలేదు.

భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వాళ్ళిద్దరికీ పరిచయం అక్కడే. ఉద్యోగంలో చేరే ముందు కంపెనీ వాళ్ళు ఆయన్ని ఛాతీ ఎక్స్‌రేకి పంపారు. “ఊపిరి పీల్చండి, బిగబట్టండి” అందావిడ. అంతలో ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఈయన మొహం కందగడ్డలా ఎర్రబడి, కళ్ళు తేలేసి అలాగే నిలబడి ఉన్నాడు. ‘వదలండి’ అని చెప్పలేదు కదా మరి. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి దొరకడం కష్టమని ఆవిడ ఇంట్లోవాళ్ళని ఒప్పించి పెళ్ళి చేసుకుంది. చెప్పకపోతే ఏదీ చెయ్యడన్న సంగతి పెళ్ళయ్యాక తెలిసింది.

ఊరి చివర నీటి సరఫరా వాళ్ళు వాడటం మానేసిన పాత చెరువు ఒకటుంది. చుట్టూ సిమెంటు గట్టు. ఆదివారం పొద్దున్నే సంఘం వాళ్ళు అక్కడ చేరి, నడుమెత్తు తెరచాపలున్న చిన్న పడవల్ని నీళ్ళలో వదిలి, గట్టు మీద నుంచి రిమోట్లతో నడిపిస్తారు. రిమోట్ మీద రెండే మీటలు. ఒకటి చుక్కాని తిప్పుతుంది, రెండోది తెరచాపని బిగిస్తుంది, వదులు చేస్తుంది. మోటారు ఉండదు. మిగతా పనంతా గాలిదే. రూళ్ళకర్రకు ఆ గాలితో ఏనాడూ పొసగలేదు. ఆయన పడవ నీళ్ళలో దిగితే తిన్నగా పోయి గట్టుకి గుద్దుకునేది. ఒకే చోట ఎన్నోసార్లు గుద్దుకున్నాక సంఘం వాళ్ళు అక్కడ పాత స్కూటర్ టైరొకటి వేలాడదీశారు. ఆ మహానుభావుడి కోసం ఇంకేం చెయ్యగలం అన్నారు.

అయినా ఆయన సంఘం వదల్లేదు. పడవ నడపడం రాదు గానీ పడవల గురించి దిద్దడం వచ్చు. సంఘానికి మూడు నెలలకోసారి వచ్చే పత్రిక ఉంది. అప్పట్లో దాని అవతారం చూస్తే ఏ ప్రూఫు రీడరుకైనా నిద్ర పట్టదు. ఒకాయన పడవ పొడుగు అంగుళాల్లో రాస్తే ఇంకొకాయన జానల్లో రాసేవాడు, బేకరీ ఆయన ‘రెండు పెద్ద రొట్టెలంత’ అని రాసేవాడు. ఒకరు గాలి వచ్చే దిక్కు రాస్తే మరొకరు గాలి పోయే దిక్కు రాసేవారు. అది చదివి ఎవరైనా పందేనికి తయారైతే పడవ అడ్రసు లేకుండా పోవడం ఖాయం. అప్పటి సంపాదకుడు ఇవేవీ పట్టించుకోకుండా తన అల్లుడు పడవ నడిపిన తీరు గురించి ప్రతి సంచికలోనూ పేజీలకు పేజీలు పొగిడేవాడు. ఆ అల్లుడు వేరే ఊరికి ఉద్యోగం మారగానే మామగారు పత్రిక కూడా వదిలేశాడు. సంఘం కార్యదర్శి అయిన పళ్ళ డాక్టరు ఆ పత్రిక తెచ్చి రూళ్ళకర్ర చేతిలో పెట్టాడు.

అంతే, ఆయన పంట పండింది. ముందుగా నియమావళి తయారుచేశాడు. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉండాలి. గాలికి అది వచ్చే దిక్కు పేరే పెట్టాలి. ‘బొమ్మ పడవ’ అనకూడదు, ‘నమూనా తెరచాప పడవ’ అనాలి. ‘నేను’ అన్న మాట వ్యాసంలో రాకూడదు. ఎవర్నీ పొగడకూడదు. పడవ ఓడితే సాకులు రాయకూడదు. పందెం ఫలితాల్లో స్థానం, పడవ సంఖ్య, యజమాని పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇక అన్నిటికంటే ఆయన మురిసిపోయిన నియమం ఏమిటంటే, సంపాదకుడి ఇంటివాళ్ళ పేరు పత్రికలో ఎక్కడా కనిపించకూడదు. పాత అల్లుడి దెబ్బకి విసిగిపోయిన సంఘం ఈ నియమం విని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆయన చెవుల్లో చాలా ఏళ్ళు మోగాయి.

క్రేన్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. ఓసారి ఆయన ‘డాక్టరు గారి పడవ మీద బాతెక్కి కూచుంటే మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం, ఆ బాతు దిగనంటే దిగనంది, డాక్టరు గారు దాన్ని పళ్ళు పీకుతానని బెదిరించారు’ అని రాసి పంపించాడు. రూళ్ళకర్ర దిద్దాక అది ఇలా అచ్చయింది: ‘బాహ్య భారం కారణంగా 11వ పడవ విరమించుకుంది.’ క్రేన్ డ్రైవరు అది చదివి, “ఎడిటర్ గారూ, మా బాతేదండీ?” అని అడిగాడు. “భారంలో ఉంది” అన్నాడు రూళ్ళకర్ర. ఆ జవాబు చాలా బాగుందనుకున్నాడు కూడా.

భార్య చెరువు దగ్గరికి రావడం ఓ ఆదివారం అనుకోకుండా జరిగింది. ఆ రోజు ఎవరింటికో వెళ్ళాల్సి ఉంటే ఈయన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. సరిగ్గా పందెం మొదలయ్యే వేళకి ఈయనకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. “కాస్త పట్టుకో” అని రిమోట్ ఆవిడ చేతిలో పెట్టి పక్కకు పోయాడు. ఫోను మాట్లాడి వచ్చేసరికి తన పడవ ఎక్కడుందో ఆయనకి అర్థం కాలేదు. అలవాటు కొద్దీ టైరు దగ్గర చూశాడు. అక్కడ లేదు. నీళ్ళలో తేలుతున్న గుర్తు బంతి చుట్టూ తిరిగి, అందరికంటే ముందు వస్తోంది. ఆవిడ నీళ్ళ మీద ఎక్కడో దూరంగా చూస్తూ తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. దగ్గరికెళ్ళి వింటే, “పీలుస్తోంది... బిగబట్టింది... ఆ, ఇప్పుడు వదులుతుంది చూడు” అంటోంది. గాలి గురించే. అనడం అయిందో లేదో నీళ్ళ మీద నల్లటి ముడత ఒకటి పరుగెత్తుకొచ్చింది, తెరచాప నిండింది.

అప్పట్నుంచి ఇరవై ఏడో పడవని ఆవిడే నడిపింది. ఆవిడకి ఆదివారం డ్యూటీ పడినప్పుడు మాత్రం ఈయన నడిపేవాడు, టైరుకి పని చెప్పేవాడు. మిగతా ఆదివారాలు ఆవిడ గెలుస్తూ పోయింది. ఆయన గట్టు మీద మడతకుర్చీలో కూచుని గాలి దిక్కూ, పట్టిన సమయమూ, వచ్చిన వరసా రాసుకునేవాడు. ఇంటికెళ్ళి నియమం ప్రకారం పత్రికలో వేసేవాడు: మొదటి స్థానం, 27వ పడవ, దాని పక్కనే యజమాని పేరు, అంటే తన పేరు. తర్వాతి పందెం కూడా అంతే, ఆ తర్వాతిదీ అంతే. ఇంటివాళ్ళ పేరు పొరపాటున కూడా రాకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిద్దేవాడు. తన నిజాయితీ మీద తనకే ముచ్చటేసేది.

ఒకరోజు ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తూ, చంకలో కొత్త సంచిక పెట్టుకుని అడిగింది. “ఏవండీ, ఇందులో నేనెక్కడున్నాను?”

“ఇంటివాళ్ళ పేర్లు వెయ్యకూడదు కదా. మళ్ళీ అల్లుడి కథే అంటారు జనం.”

“మీ పేరుందిగా?”

“అది నా పేరు కాదే, యజమాని పేరు.”

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి నవ్వింది. ఆరేసిన దుప్పటికి ఆ చివర క్లిప్పు పెట్టడానికి వెళ్ళిపోయింది. తన చమత్కారానికే నవ్విందనుకున్నాడాయన. ఆ మాట తర్వాతి ఆదివారం సంఘంలో చెప్పాడు కూడా. వాళ్ళూ నవ్వారు. ఎవర్ని చూసి నవ్వుతున్నారో గమనించే అలవాటు ఆయనకి లేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఓ ఆదివారం పందేలయ్యాక పళ్ళ డాక్టరు అందర్నీ పిలిచి, అన్ని ఊళ్ళ సంఘాలకీ పెద్దదైన సంఘం నుంచి ఫోనులో వచ్చిన కబురు గట్టిగా చదివాడు. పెద్ద సరస్సులో పెడతామని ముందే చెప్పిన పందేలు దగ్గరికొచ్చాయి. ఒక్కో సంఘం నుంచి ఒక్కరినే పిలుస్తున్నారు. ఆయా పత్రికల్లో అచ్చయిన ఫలితాలు చూసి వాళ్ళే ఎంపిక చేశారు. మన సంఘం నుంచి 27వ పడవ యజమాని. “పిలిచిన వ్యక్తే స్వయంగా పడవ నడపవలెను” అని ఆఖరి వాక్యం చదివేసరికి డాక్టరుకే నవ్వాగలేదు.

గట్టంతా గొల్లుమంది. “ఆ సరస్సుకి టైర్లున్నాయో లేదో కనుక్కోండి సార్!” అని అరిచాడు క్రేన్ డ్రైవరు. “ఇక్కడి టైరే పట్టుకెళ్తారు, అలవాటైంది కదా” అన్నాడు బేకరీ ఆయన. రూళ్ళకర్ర కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు. ఆవిడ నేల మీద కూచుని తడి తెరచాపని మడతపెడుతోంది. నవ్వలేదు. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

ఇంటికెళ్ళాక చెప్పింది. “నేను సెలవు పెట్టేశాను.”

“దేనికి?”

“ఆ పందేలకే. ఎప్పుడు జరుగుతాయో ఎప్పట్నుంచో తెలుసుగా. గెలిచినవాళ్ళని పిలుస్తారన్నారు. గెలిచింది నేనే కదా అనుకున్నాను. డ్యూటీలు మార్చుకున్నాను, ఆసుపత్రిలో అందరికీ చెప్పుకున్నాను కూడా.” ఆవిడ గొంతు పెద్దదేం చెయ్యలేదు. “నాకు వెళ్ళాలని ఉందండీ. ఇంతకాలంలో నా అంతట నేను ఎక్కడికైనా వెళ్ళాలని అడిగానా? అది పెద్ద సరస్సు. అక్కడ గాలి ఎలా ఉంటుందో చూడాలని ఉంది.”

భార్య గొంతులో ఆశ అంత స్పష్టంగా వినడం ఆయనకి కొత్త. తన మీద తనకే ఒళ్ళు మండింది. పత్రికలో ఎక్కడా తప్పు లేదు. స్థానం సరైనదే, సంఖ్య సరైనదే, యజమాని పేరు సరైనదే. ముక్కముక్కా సరైనదే గానీ మొత్తం కలిపి చదివితే పచ్చి అబద్ధం.

వెంటనే పెద్ద సంఘానికి ఫోను చేశాడు. అవతల మాట్లాడినాయన గొంతు వినగానే, వీడు నా జాతి మనిషే అనుకున్నాడు. అంత పొడిగా ఉంది.

“మీ సంఘం పత్రికనే మేం ఎక్కువ నమ్ముతామండీ. దాన్లో తప్పులుండవు” అన్నాడు ఆయన.

“ఉందండీ. పెద్దదే ఉంది.”

“మరైతే సవరణ వెయ్యండి. అచ్చులో ఉన్నదే మాకు ప్రమాణం. నోటిమాట మీద పేర్లు మార్చం. ఎవరు నడిపారో, ఏయే పందేలో అచ్చులో చూపిస్తే మారుస్తాం. జాబితా ఖరారయ్యేలోపు మాకు చేరాలి, అంతే.”

కొత్త సంచిక ఆ వారమే అచ్చుకు వెళ్ళాలి. రూళ్ళకర్ర పరుగున ప్రెస్సుకు పోయాడు. ప్రెస్సు ఎవరిదో కాదు, బావమరిదిదే. ఇరుకు గది, ఓ మూల కాగితం కట్టలు, మధ్యలో చెవులు చిల్లులు పడేలా మోగే యంత్రం. దాన్ని ఆపి, బావమరిది సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కంప్యూటర్ ముందు కూచున్నాడు. “చెప్పు బావా, కొడతాను.”

సవరణలకు కూడా నియమాలున్నాయి. ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో వెయ్యాలి. పాత తప్పుని మళ్ళీ రాయకూడదు. తప్పు ఎవరిదో చెప్పకూడదు. ఇంటివాళ్ళ పేరు సరేసరి. రూళ్ళకర్ర గొంతు సవరించుకుని చెప్పాడు. “గత సంచికల్లోని 27వ పడవ ఫలితాలకు సంబంధించి, నడిపినవారి విషయం గమనించగలరు.”

“ఏం గమనించాలి?”

“సరే, తీసెయ్. 27వ పడవను నడిపినది యజమాని కాదని తెలియజేయడమైనది.”

“పడవ దొంగతనం చేసినట్టుంది బావా. పోలీసులొస్తారు.”

“యజమాని కుటుంబ సభ్యులలో ఒకరు నడిపారు అని కొట్టు.”

బావమరిది కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. “మా అక్కకి పేరుంది బావా. అమ్మా నాన్నా ఏరికోరి పెట్టారు. మీ పెళ్ళి శుభలేఖలో నీ పేరు పక్కనే అచ్చేశాం. అప్పుడు లేని రోగం ఇప్పుడేంటి నీకు?”

రూళ్ళకర్ర నోరు తెరిస్తే నియమమే బయటికొస్తోంది, ఏం చేస్తాడు! అన్నేళ్ళ సాధన మరి. ఆఖరికి, “పేరు వేద్దాం. కానీ గెలిచినవన్నీ మీ అక్కవేనని ఊహించి అచ్చెయ్యకూడదు కదా, ఏయే పందేలు తను నడిపిందో, ఏవి నేను నడిపానో ఎలా తెలుస్తుంది? నేను రాసుకున్నవాటిలో యజమాని పేరొక్కటే ఉంది” అన్నాడు.

“గట్టు మీదే కూచున్నావుగా, చూళ్ళేదా?”

చూళ్ళేదు. ఆ మాట బావమరిదికి చెప్పడానికి మొహం చెల్లలేదు గానీ, నిజం అదే. పందెం జరుగుతున్నంతసేపూ ఆయన గడియారం చూశాడు, జెండా చూశాడు, రాసుకునే కాగితం చూశాడు. పక్కన నిలబడి పడవ నడుపుతున్న భార్యని చూడలేదు. అక్కని అడగమన్నాడు బావమరిది. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? నువ్వు గెలిచినవేవో నువ్వే చెప్పు, నాకు గుర్తులేవు అని అడగాలా? చూసినవాళ్ళని అడుగుదామని క్రేన్ డ్రైవరు ఇంటికి బయల్దేరాడు.

క్రేన్ డ్రైవరు ముందుగదిలో సగం కట్టిన పడవ ఒకటి భోజనాల బల్లనంతా ఆక్రమించి ఉంది. ఆ ఇంట్లో వాళ్ళు పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. విషయం విని ఆయన ఫ్రిజ్ మీద నుంచి సంచికల కట్ట దించి, దుమ్ము దులిపి చేతికిచ్చాడు. రూళ్ళకర్ర మొదటిది తెరిచాడు. ఫలితాల పట్టికలో తన పేరు మీద నీలం బాల్‌పెన్నుతో అడ్డంగా గీత. పైన గుండ్రటి అక్షరాలతో భార్య పేరు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోదాన్లో మాత్రం ఒకచోట తన పేరు చెక్కు చెదరకుండా ఉంది. చూస్తే అక్కడ వచ్చింది ఆఖరి స్థానం.

“అది మీరు నడిపిందేనండీ, అందుకే ముట్టుకోలేదు” అన్నాడు క్రేన్ డ్రైవరు నెత్తి గోక్కుంటూ. “ఇంటికొచ్చినవాళ్ళకి చూపిస్తుంటాం కదా. మా ఎడిటర్ గారి మిసెస్ ఎంత బాగా నడుపుతారో చూడండి అని చెప్పి పేజీ తీస్తే మీ పేరుంటుంది. ఎలా మరి? అందుకని వచ్చిన రోజే దిద్దేస్తాం.”

“నాకు చెప్పొచ్చుగా?”

“బాతు గురించి చెప్పాను కదండీ” అన్నాడాయన జాలిగా.

బేకరీ ఆయన కాపీల్లో వెన్న మరకలున్నాయి, దిద్దుబాట్లూ ఉన్నాయి. పళ్ళ డాక్టరు మరీ ఘోరం. రోగులు చదువుకోవడానికి క్లినిక్‌లో పెట్టిన కాపీల్లో ఆవిడ పేరు టైపు చేయించి, చీటీలు కత్తిరించి, రూళ్ళకర్ర పేరు మీద అంటించి ఉంచాడు. అంత నీటుగా తను కూడా అంటించలేడు. “మీకు నియమాలంటే ప్రాణం కదా, నొచ్చుకుంటారని మా మటుకు మేం సర్దుకున్నాం” అన్నాడు డాక్టరు. పక్కన కుర్చీలో బుగ్గ వాచి కూచున్న రోగి, “ఓహో, ఆ యజమాని మీరేనా!” అన్నాడు వాచిన బుగ్గతోనే. ఇంతమంది దిద్దుకుంటున్న పత్రికకి సంపాదకుడు తనొక్కడేనని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూలబడ్డాడు. ఏ పన్నండీ అని నర్సు వచ్చి అడిగింది.

మర్నాడు ప్రెస్సులో ఆయన నియమావళిని పక్కన పెట్టి చెప్పాడు, బావమరిది కొట్టాడు. ఆఖరి పేజీ కాదు, మొదటి పేజీ. చిన్న అక్షరాలు కాదు, శీర్షికకు వాడే అక్షరాలు. ఈ పందేలన్నీ గెలిచింది నా భార్య. ఆ గెలుపులన్నిటికీ నా పేరు వేసుకున్నది నేను. ఇది అచ్చుతప్పు కాదు, నా తప్పు. ఆ కింద పందేల పట్టిక, ప్రతి పందెం పక్కనా ఆవిడ పూర్తి పేరు. ఆఖరి స్థానాల పట్టిక వేరేగా, దాని పక్కన తన పేరు. ప్రూఫు కూడా చూడకుండా అచ్చు వెయ్యమన్నాడు. బావమరిదికి భయమేసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

పెద్ద సంఘం ఆయన మాట తప్పలేదు. పత్రిక చేరిన రోజే ఫోను చేశాడు. “పేరు మార్చాం. ఆవిణ్ణి రమ్మనండి. ఒక చిన్న మాట, మొదటి పేజీలో ‘నా భార్య’ అని రాశారు. మీ పత్రికలో అలాంటివి ఎప్పుడూ చూళ్ళేదే?” అన్నాడు. “ఇకమీద చూస్తారు” అన్నాడు రూళ్ళకర్ర. ఫోను పెట్టేసి, ఎంత చక్కగా అన్నానో అని కాసేపు మురిసిపోయాడు. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది!

ప్రయాణానికి ముందు మధ్యాహ్నం ఆవిడ పడకగదిలో మంచం మీద పెట్టె తెరిచి సర్దుకుంటోంది. ఇష్టమైన పాటేదో సన్నగా పాడుకుంటోంది. రూళ్ళకర్ర విజయగర్వంతో కొత్త సంచిక పట్టుకుని లోపలికొచ్చాడు. ఆవిడ దగ్గరున్న పాత సంచికల పక్కన దీన్ని కూడా తనే స్వయంగా పెట్టాలని ఆయన సరదా. అవెక్కడున్నాయని అడిగితే, బీరువా కింది అర చూపించింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన పెద్ద ఎక్స్‌రే కవరులో, వచ్చిన వరసలోనే అన్నీ భద్రంగా ఉన్నాయి. మూల మడత కూడా లేదు. ఊరందరి కాపీల్లో చూసిందే ఇక్కడా చూస్తానని, ఆవిడ చేతిరాతలో ఆవిడ పేరు చూడబోతున్నానని ఆయన నవ్వుకుంటూ ఒకటి తెరిచాడు.

అక్కడ ఏ గీతా లేదు. మొదటి స్థానం, 27వ పడవ, తన పేరు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. అన్నీ తిరగేశాడు. ఒక్క కాపీలోనూ కలం గీత లేదు. ఊళ్ళో ఆ పత్రికలు దిద్దకుండా ఉంచిన ఇల్లు ఇదొక్కటే.

“అందరూ దిద్దుకున్నారే” అన్నాడు. “నువ్వెందుకు దిద్దుకోలేదు?”

ఆవిడ చీర మడత పెట్టడం ఆపలేదు. “నేను దిద్దుకుంటే అది నాకు నేను చెప్పుకున్నట్టుంటుందండీ. గెలిచానని నాకు తెలీదా? మీరెప్పుడైనా తెరిచి చూస్తారేమో, చూసినప్పుడు మీకే అనిపిస్తుందేమో అని ఉంచాను.” చీర పెట్టెలో పెట్టి, అరచేత్తో సాపు చేసింది. “ప్రతిసారీ కొత్తది రాగానే మొదట ఆ పేజీయే తీసి చూసేదాన్ని. ఈసారైనా వేశారేమో అని.”

అన్నేళ్ళ సంచికలూ ఆయన ఒళ్ళో ఉన్నాయి. కళ్ళజోడు మసకబారింది. తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ మసకబారింది. ఆవిడ అది చూసి, హ్యాండ్‌బ్యాగ్ వెతికి కలం తీసి ఆయన చేతిలో పెట్టింది. పెట్టె ఓ పక్కకి జరిపి, మంచం మీద ఆయన పక్కన కూచుంది.

“ఇప్పుడు దిద్దండి. నేను చూస్తాను” అంది.

ఆయన మొదటి సంచిక తెరిచి, తన పేరు కొట్టేసి, ఆవిడ పేరు రాశాడు. అక్షరాలు కాస్త వంకరగానే వచ్చాయి. ఆవిడ వంగి చూసి పేజీ తిప్పి, తర్వాతిది అందించింది.